కోల్డ్ డ్రాయింగ్‌లో ఉక్కు ట్యూబ్ పగలకుండా హీట్ ట్రీట్‌మెంట్ ఎలా చేయాలి

డ్రా బెంచ్ (ట్యూబ్‌ను డై అనే అచ్చు రంధ్రంలో నుంచి లాగి సన్నబరిచే యంత్రం) మీద ట్యూబ్ పగిలిందంటే చాలా షెడ్లలో వెంటనే వినిపించే మాట ఒకటే: లాట్ మొత్తాన్ని మళ్లీ ఎనీలింగ్‌కు, అంటే వేడి చేసి మెత్తబరచడానికి, పంపండి. కొన్నిసార్లు అదే సరైన పని. అయితే వేడి చేయకుండా లాగిన ట్యూబ్ పగలడానికి కారణాలు అనేకం. ఒక్కొక్కదానికి వేరే ఉష్ణోగ్రత, వేరే సమయం, వేరే చల్లార్పు కావాలి, కొన్నింటికి ఏ వేడీ పనిచేయదు. చెన్నైలో అంబత్తూరు, ఆవడి, గుమ్మిడిపూండి వైపు సొంత ఫర్నేస్ లేకుండా ట్యూబ్‌లను జాబ్ వర్క్ మీద హీట్ ట్రీట్‌మెంట్‌కు పంపే చిన్న యూనిట్లలో పనిచేసే తెలుగు సూపర్‌వైజర్లను, యజమానులను దృష్టిలో పెట్టుకొని ఈ పద్ధతిని రాస్తున్నాను. ఎక్కువ భాగం 0.08 నుంచి 0.25 శాతం కార్బన్ ఉన్న మామూలు ట్యూబ్‌ల గురించే ఉంటుంది. అంతకంటె గట్టి ఉక్కులకు, స్టెయిన్‌లెస్‌కు నియమాలు మారతాయి కాబట్టి వాటిని చివర విడిగా చెప్పాను. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో ఉన్నాయి.

పగులును ముందు చదవండి

ఫర్నేస్ జోలికి వెళ్లకముందే పగిలిన ముక్కను శుభ్రంగా కోసి, నూనె తుడిచి, వెలుతురులో చూడండి. పగులు ఏ దిశలో ఉంది, ఎప్పుడు కనిపించింది, ఎక్కడ మొదలైంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం పని అయినట్టే.

ట్యూబ్ అడ్డంగా తెగి, పాయింటింగ్ చేసిన (డైలో దూరేలా ముందే సన్నబరచిన) కొస డ్రా బెంచ్ పట్టులోనే మిగిలిపోతే, లాగే బలాన్ని ఆ గోడ మోయలేకపోయిందని అర్థం. పాస్ (డైలో నుంచి ఒకసారి లాగడం) మరీ బరువుగా పెట్టి ఉండవచ్చు, జారుడు కోసం వేసే ఫాస్ఫేట్ మీద సబ్బు పూత సరిగా నిలిచి ఉండకపోవచ్చు, లేదా ముందటి పాస్‌లో గట్టిపడిన ఉక్కు ఎనీలింగ్‌లో పూర్తిగా మెత్తబడి ఉండకపోవచ్చు. ఈ మూడింటిలో హీట్ ట్రీట్‌మెంట్‌తో పరిష్కారమయ్యేది చివరిది ఒక్కటే.

డ్రా బెంచ్ మీద చక్కగా వచ్చిన ట్యూబ్ కొన్ని గంటలకో మరునాటికో నిలువుగా చీలితే అది వేరే జబ్బు. ముఖ్యంగా లోపల ఆనుగా ప్లగ్ గానీ మాండ్రెల్ (కడ్డీ) గానీ లేకుండా కేవలం డైలో నుంచి లాగినప్పుడు, అంటే సింకింగ్ పాస్‌లో, బయటి చర్మం చుట్టుకొలత దిశలో సాగదీసినట్టు బిగుసుకొని ఉంటుంది, లోపలి చర్మం నొక్కుకొని ఉంటుంది. ఆ అంతర్గత ఒత్తిడికి చిన్న గీత గానీ, పిక్లింగ్‌లో (ఆక్సైడ్ పొర పోవడానికి యాసిడ్‌లో ముంచినప్పుడు) లోపలికి చేరిన హైడ్రోజన్ గానీ తోడైతే, ఎవరూ ముట్టుకోకుండానే ట్యూబ్ నిలువునా విచ్చుకుంటుంది. దీనికి ఉపాయం ఎక్కువ వేడి కంటె త్వరగా వేడి చేయడం: అలాంటి పాస్ అయిన లాట్‌ను వారాంతం దాకా రాక్‌లో ఉంచకుండా అదే షిఫ్టులో ఫర్నేస్‌కు పంపించాలి.

ఈఆర్‌డబ్ల్యూ ట్యూబ్‌లో (ఉక్కు పట్టీని గొట్టంగా వంచి, అంచులను కరెంటుతో వెల్డ్ చేసినది) పగులు వెల్డ్ గీత వెంబడే నడిస్తే ట్యూబ్ మొత్తాన్ని అనుమానించనక్కరలేదు. గీతను, దాని పక్కన ఇరువైపులా ఉన్న సన్నని పట్టీని అనుమానించాలి. అలా కాక పగుళ్లు చిన్నవిగా, ఒకే పక్కన, ఉక్కు తయారైన దిశలో పొడవాటి గీతల్లా కనిపిస్తే, అవి బ్లూమ్ (మొదటి ఉక్కు దిమ్మ) నుంచో హాట్ రోలింగ్ నుంచో వచ్చిన మడతలు, మలినాల తీగలు అయ్యే అవకాశం ఎక్కువ. వాటిని ఎంత ఎనీల్ చేసినా మానవు. ఆ సరుకును మిల్లుకు తిప్పి పంపడమే మార్గం.

సందేహం తీరకపోతే ల్యాబ్‌ను ఒకే ఒక పని అడగండి. పగులును అడ్డంగా కోసి, పాలిష్ చేసి, 2 శాతం నైటాల్‌తో (ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ యాసిడ్) ఎచ్ చేసి, అంటే లోపలి నిర్మాణం కనిపించేలా పైపొరను తినిపించి, పగులు అంచుల్లో కార్బన్ పోయిన తెల్లటి పొర ఉందో లేదో చూడమనండి. ఆ పొర గానీ, లోపల ఆక్సైడ్ స్కేల్ గానీ ఉంటే, ఆ పగులు అధిక ఉష్ణోగ్రతకు గురికాకముందే పుట్టిందన్నమాట. అంచులు శుభ్రంగా ఉంటే అది చివరి వేడి తరువాత పుట్టి ఉండే అవకాశం ఎక్కువ. ట్యూబ్ ఇచ్చినవాడికీ ఫర్నేస్ నడిపేవాడికీ మధ్య నెలల తరబడి సాగే వాదన చాలాసార్లు ఈ ఒక్క ఫొటోతో తెగిపోతుంది, ఖర్చు కూడా ఒక లాట్ విలువలో ఏ మూలకూ రాదు.

ఉక్కు ఏదో కాగితం మీద చూసుకోండి

మిల్ సర్టిఫికెట్‌లో కార్బన్, మాంగనీస్, గంధకం, భాస్వరం, అల్యూమినియం విలువలు చూడండి. కార్బన్ 0.25 శాతం లోపు ఉంటే కింద చెప్పే ఎనీలింగ్ సరిపోతుంది. 0.30 దాటితే అదే వేడికి గంటలు పెంచవలసి రావచ్చు. క్రోమియం, మాలిబ్డినం ఉన్న 4130 వంటి ఉక్కు గాలిలో చల్లారినా కొంత గట్టిపడుతుంది, కాబట్టి చల్లార్పు వేగం మీద అదనపు జాగ్రత్త అవసరం. అల్యూమినియంతో కిల్ చేయని (కరిగి ఉన్నప్పుడు అల్యూమినియం వేసి ఆక్సిజన్ తీసివేయని) ఉక్కులో స్వేచ్ఛగా ఉన్న నత్రజని వల్ల, లాగిన ట్యూబ్ నిలువ ఉన్నకొద్దీ పెళుసెక్కుతుంది. అలాంటి సరుకును లాగిన తరువాత రోజుల తరబడి పెట్టి ఆపైన వంచడం మంచిది కాదు.

పాస్‌లను లెక్కగట్టండి

ఎనీలింగ్ ఎప్పుడు అవసరమో అంచనాతో కాక లెక్కతో తేల్చండి. ట్యూబ్ అడ్డుకోత వైశాల్యం కావాలంటే బయటి వ్యాసంలో నుంచి గోడ మందాన్ని తీసివేసి, వచ్చినదాన్ని గోడ మందంతో హెచ్చించి, 3.1416తో హెచ్చించాలి. రెండు సైజులను పోల్చేటప్పుడు 3.1416 రెండు వైపులా ఉంటుంది కనుక దాన్ని వదిలివేయవచ్చు.

50.8 మి.మీ. వ్యాసం, 4 మి.మీ. గోడ ఉన్న ట్యూబ్‌ను 42 మి.మీ. వ్యాసం, 3.2 మి.మీ. గోడకు లాగుతున్నారనుకోండి. మొదటిదానికి 46.8ని 4తో హెచ్చిస్తే 187.2, రెండవదానికి 38.8ని 3.2తో హెచ్చిస్తే 124.16 వస్తుంది. అంటే వైశాల్యం 33.7 శాతం తగ్గింది. దాన్ని మధ్యలో ఎనీల్ చేయకుండానే 35 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. గోడకు లాగితే విలువ 81.25కు పడిపోతుంది, రెండవ పాస్‌లో తగ్గింది 34.6 శాతమే అనిపించినా, మొదటి నుంచి చూస్తే మొత్తం తగ్గుదల 56.6 శాతం. ఉక్కు గుర్తుంచుకునేది ఈ మొత్తాన్నే. తక్కువ కార్బన్ ఉక్కు మంచి పూతతో ఇంత తగ్గుదలను కొన్నిసార్లు భరిస్తుంది, కానీ దాని సాగే గుణం అప్పటికే చాలావరకు ఖర్చయిపోయి ఉంటుంది. అలాంటి ట్యూబ్ చివరను ఫ్లేర్ చేయమన్నా (గరాటులా వెడల్పు చేయమన్నా), చిన్న వ్యాసార్థంలో వంచమన్నా పగలడంలో వింత లేదు. చిన్న యూనిట్‌కు నా సలహా ఏమిటంటే, మొత్తం తగ్గుదల 40 శాతం చుట్టుపక్కలకు చేరగానే తదుపరి పాస్‌కు ముందు ఎనీలింగ్ పెట్టుకోండి. ఫర్నేస్ ఖర్చు మిగిలిందని సంతోషించే లోపు పగిలిన ట్యూబ్‌ల ఖర్చు దాన్ని మింగేస్తుంది.

మరీ తక్కువ తగ్గింపు కూడా ప్రమాదమే, అయితే దీన్ని చాలామంది పట్టించుకోరు. పైన వచ్చిన 35 × 2.5 ట్యూబ్‌ను ఎనీల్ చేసి, సైజు కోసం 34 × 2.4కు మెల్లగా లాగి, మళ్లీ ఎనీల్ చేశారనుకోండి. ఆ పాస్‌లో తగ్గింది 6.7 శాతమే. ఇంత కొద్దిగా పనిచేసిన ఉక్కును వేడి చేస్తే కొత్త రేణువులు (ఉక్కులోని చిన్న స్ఫటికాలు) పుట్టడానికి చాలా తక్కువ చోట్లే అవకాశం ఉంటుంది కాబట్టి, పుట్టిన కొద్ది రేణువులూ విపరీతంగా పెరిగి ముతకబారతాయి. తరువాత ఆ ట్యూబ్‌ను ఫ్లేర్ చేస్తే పైచర్మం నారింజ తొక్కలా గరుకుగా లేచి, ఆ గుంటల్లో నుంచి పగుళ్లు మొదలవుతాయి. సుమారు 5 నుంచి 15 శాతం మధ్య తగ్గింపు ఇచ్చి, ఆ వెంటనే పూర్తి ఎనీలింగ్ చేసే క్రమాన్ని మీ పాస్ షెడ్యూల్‌లో నుంచి తీసివేయండి.

ఫర్నేస్‌కు ముందు శుభ్రం చేయండి

లాగిన ట్యూబ్ లోపలా బయటా జింక్ ఫాస్ఫేట్, సబ్బు, నూనె అంటుకొని ఉంటాయి. వాటిని అలాగే ఫర్నేస్‌లో పెడితే సబ్బు కాలి కార్బన్ మసిగా పేరుకుంటుంది, ఆ చోట పైచర్మం కార్బన్‌ను పీల్చుకొని గట్టిపడవచ్చు, తరువాతి పాస్‌లో ఫాస్ఫేట్ కూడా సమంగా పట్టదు. వేడి ఆల్కలీ తొట్టిలో ముంచి, వేడినీటితో కడిగి, లోపలి రంధ్రం కూడా ఆరేలా ట్యూబ్‌లను వాలుగా నిలబెట్టండి. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమలో కడిగిన ట్యూబ్ ఒక్క రాత్రిలో ఎర్రబారుతుంది. ఎన్నూరు వైపు సముద్రపు గాలిలో ఉప్పు కూడా ఉంటుంది. తుప్పు తిన్న చిన్న గుంట ప్రతిదీ తరువాతి పాస్‌లో పగులుకు పుట్టినచోటు అవుతుంది కాబట్టి, కడగడానికీ ఫర్నేస్‌లో పెట్టడానికీ మధ్య రాత్రి రాకుండా పనిని పేర్చుకోండి.

పాయింటింగ్ చేసిన కొస పూర్తిగా మూసుకుపోయి, రెండవ కొసకు కూడా ఏదైనా అడ్డు ఉంటే, లోపల చిక్కుకున్న నీరు ఆవిరై ట్యూబ్ ఫర్నేస్‌లోనే పేలే ప్రమాదం ఉంది. అటువంటి కొసలో చిన్న రంధ్రం వేయకుండా ఏ ట్యూబ్‌నూ లోడ్ చేయనివ్వకండి.

పిక్లింగ్ గురించి ఒక మాట. స్కేల్ తీయడానికి యాసిడ్‌లో అవసరానికి మించి ఉంచితే ఉక్కులోకి హైడ్రోజన్ ఎక్కువ చేరుతుంది. మెత్తని ట్యూబ్‌లో అది కొంతసేపటికి దానంతట అదే బయటికి పోతుంది. లాగి గట్టిపడిన, లోపల ఒత్తిడి ఉన్న ట్యూబ్‌లో మాత్రం అది చీలికకు దారి తీస్తుంది. అందువల్ల ఎనీలింగ్ ముందు, పిక్లింగ్ తరువాత అన్న క్రమాన్ని తప్పకండి. యాసిడ్ తొట్టిలో ఇన్హిబిటర్ (యాసిడ్ ఉక్కును తినకుండా అడ్డుకునే రసాయనం) వాడండి.

ఎనీలింగ్

పాస్‌ల మధ్య చేసే ఎనీలింగ్‌లో ఉక్కు 727 డిగ్రీల పైకి వెళ్లవలసిన పని లేదు. ఆ గీతకు కింద, 650 నుంచి 700 డిగ్రీల మధ్య, లాగినప్పుడు నలిగి పొడవు సాగిన రేణువుల స్థానంలో కొత్త రేణువులు పుడతాయి, ఉక్కు మళ్లీ సాగుతుంది. 680 డిగ్రీలను లక్ష్యంగా పెట్టుకోవడం తక్కువ కార్బన్ ట్యూబ్‌లకు సురక్షితం. 727 దాటి కొద్దిగా పైకి పోతే కొంత భాగం ఆస్టెనైట్‌గా (ఎక్కువ వేడిలో ఉక్కు తీసుకునే రూపం) మారి, చల్లారేటప్పుడు అక్కడక్కడ గట్టి ముద్దలుగా మిగులుతుంది. మెత్తబరచాలనుకున్న చోటే కాఠిన్యం పెంచినట్టు అవుతుంది. ఫర్నేస్ మీటర్ 720 చూపిస్తున్నా లోపల ఏదో మూల 740 ఉండడం అసాధ్యమేమీ కాదు. కనుక లక్ష్యాన్ని గీతకు దగ్గరగా పెట్టకండి.

సమయం ఎక్కడ నుంచి లెక్కపెడతారన్నది ఉష్ణోగ్రత ఎంత అన్నదాని కంటె ఎక్కువ గొడవలకు కారణమవుతుంది. ఫర్నేస్ గోడలోని థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగల జంట) 680 చూపించిన క్షణాన కట్ట మధ్యలోని ట్యూబ్ 500 దగ్గరే ఉండవచ్చు. కట్ట నడిమధ్య ట్యూబ్ లోపలికి ఒక కె టైప్ థర్మోకపుల్ దూర్చి, అది 680కి చేరిన తరువాతే సోకింగ్ సమయం, అంటే అదే వేడిలో నిలిపి ఉంచే సమయం, మొదలుపెట్టండి. 2 నుంచి 4 మి.మీ. గోడకు అక్కడి నుంచి 30 నిమిషాలు చాలు. బిగించి కట్టిన కట్టల్లో వేడి లోపలికి చేరడమే ఆలస్యం కాబట్టి, ట్యూబ్‌ల మధ్య గాలి తిరిగేలా వరుసకూ వరుసకూ మధ్య ఉక్కు పట్టీలు పెట్టండి. ప్రతి లోడ్‌కూ ఇలా చేయడం కుదరకపోతే, ఒక్కో సైజుకు ఒక్కసారైనా చేసి, ఫర్నేస్ 680 చూపిన తరువాత కట్ట మధ్య ఎన్ని నిమిషాలకు అందుకుందో రాసి, ఫర్నేస్ తలుపు దగ్గర అంటించండి; షిఫ్టులో ఎవరు ఉంటారో బట్టి ఆ కాగితం తెలుగులోనూ తమిళంలోనూ ఉండాలి.

లోడ్ చేసేటప్పుడు మరచిపోయే విషయం మరొకటి ఉంది. 6 మీటర్ల ట్యూబ్ 680 డిగ్రీలకు వేడెక్కినప్పుడు 5 నుంచి 6 సెంటీమీటర్ల దాకా పొడవు పెరుగుతుంది. బుట్ట కొసలకు ఆనించి బిగిస్తే అది వంగక తప్పదు. వంగినదాన్ని తరువాత స్ట్రెయిటనర్‌లో పెట్టి సరిచేయడమంటే, తీసివేసిన ఒత్తిడిని మళ్లీ లోపల నింపడమే.

గాలిలో 570 డిగ్రీలు దాటితే ఉక్కు మీద స్కేల్ వేగంగా కడుతుంది, పైపొర నుంచి కార్బన్ కూడా పోతుంది. అందుకే నైట్రోజన్, క్రాక్డ్ అమ్మోనియా వంటి రక్షక వాయువులు ఉన్న ఫర్నేస్‌నే ఎంచుకోండి. క్రాక్డ్ అమ్మోనియాలో 75 శాతం హైడ్రోజన్ ఉంటుంది. 760 డిగ్రీల కంటె తక్కువ వేడిలో ఉన్న ఫర్నేస్‌లోకి మండే వాయువును పంపే ముందు, లోపలి గాలి పూర్తిగా పోయేలా దాని ఘనపరిమాణానికి కనీసం ఐదు రెట్లు నైట్రోజన్ పంపించి, ఆక్సిజన్ 1 శాతం కంటె తగ్గిందని మీటర్‌లో చూడాలి. మన ఎనీలింగ్ 680లోనే కనుక ఈ నియమం ప్రతి లోడ్‌కూ వర్తిస్తుంది. ఆదివారం ఆపి సోమవారం మొదలుపెట్టే షెడ్లలో ఎక్కువ ప్రమాదం సోమవారం ఉదయమే.

సోకింగ్ అయ్యాక ట్యూబ్‌లను వాయువు రక్షణలోనే 150 డిగ్రీల లోపుకు చల్లారనివ్వండి. వేడిగా ఉన్నప్పుడే బయటికి తీస్తే నీలం రంగు ఎక్కుతుంది, ఆ పొర ఫాస్ఫేటింగ్‌కు అడ్డు వస్తుంది. 200 నుంచి 350 డిగ్రీల మధ్య ఉన్న ట్యూబ్‌ను వంచడం గానీ సుత్తితో సరిచేయడం గానీ అసలు చేయకూడదు, ఎందుకంటే ఆ మధ్యలో మామూలు ఉక్కు చల్లగా ఉన్నప్పటి కంటె పెళుసుగా ఉంటుంది. మధ్యలో కరెంటు పోయి వేడి పడిపోతే ఈ రకం ఎనీలింగ్‌లో కంగారు పడనక్కరలేదు. రక్షక వాయువు ఆగలేదని చూసుకొని, మళ్లీ వేడి చేసి, కట్ట మధ్య థర్మోకపుల్ లక్ష్యానికి చేరిన దగ్గర నుంచి పూర్తి సమయం ఇస్తే సరిపోతుంది.

ఈఆర్‌డబ్ల్యూ ట్యూబ్ అయితే

వెల్డ్ రోల్స్ దాటగానే గీత చుట్టూ ఉన్న ఉక్కు క్షణాల్లో చల్లారుతుంది. కార్బన్ 0.10 శాతం ఉన్నప్పుడు దీనివల్ల పెద్ద ఇబ్బంది రాదు. 0.20 దాటినకొద్దీ ఆ సన్నని పట్టీలో మార్టెన్‌సైట్ అనే గట్టి, పెళుసు రూపం తయారై, మిగతా ట్యూబ్ సాగుతున్నా అది సాగక పగులుతుంది. మిల్లులోనే ఇండక్షన్ కాయిల్‌తో గీతను 900 నుంచి 950 డిగ్రీలకు వేడి చేసి, నీళ్లు తగలకముందు గాలిలో కనీసం 400 డిగ్రీల కిందికి దిగనివ్వడం దీనికి విరుగుడు. ట్యూబ్ దారిలో కొద్దిగా మెలి తిరిగినా వేడి గీత మీద కాకుండా పక్కన పడుతుంది. గోడ మందంగా ఉంటే బయట ఎర్రబడినా లోపలి సగానికి వేడి అందదు. కాబట్టి ఉక్కు పట్టీ చుట్ట మారిన ప్రతిసారీ ఒక రింగు కోసి, ఎచ్ చేసి, వేడి తగిలిన మచ్చ గీతకు ఇరువైపులా సమంగా, లోపలి చర్మం దాకా ఉందో లేదో చూడాలి.

ఈ ట్యూబ్‌ను తరువాత కోల్డ్ డ్రాయింగ్‌కు వాడదలిస్తే నేను గీత ఒక్కదానికే వేడి ఇవ్వడంతో ఆగను. ట్యూబ్ మొత్తాన్ని 900 నుంచి 930 డిగ్రీల దగ్గర నార్మలైజింగ్ (వేడి చేసి గాలిలో చల్లార్చడం) చేయించి, లోపలి వెల్డ్ ఫ్లాష్‌ను (వెల్డ్ దగ్గర పొంగి నిలిచిన లోహాన్ని) పూర్తిగా చెక్కించిన తరువాతే మొదటి పాస్ పెట్టడం మేలు.

చివరి పాస్ తరువాత

కొనుగోలుదారు లాగిన ట్యూబ్ బలాన్నే కోరుకుంటే ఎనీలింగ్ చేయకూడదు. అప్పుడు కావలసింది స్ట్రెస్ రిలీవింగ్, అంటే తక్కువ వేడితో లోపలి ఒత్తిడిని తీయడం. యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 10305లో దీన్ని ఎస్‌ఆర్ అనే గుర్తుతో చూపుతారు. సాధారణంగా 500 నుంచి 600 డిగ్రీల మధ్య, కట్ట మధ్యకు వేడి అందిన తరువాత 30 నుంచి 60 నిమిషాలు ఉంచితే, బలంలో ఎక్కువ భాగం నిలుస్తుంది, పగులుకు దారితీసే ఒత్తిడిలో ఎక్కువ భాగం పోతుంది. పైకి వెళ్లినకొద్దీ ఒత్తిడితోపాటు బలం కూడా దిగజారుతుంది కనుక, ఒప్పందంలో రాసిన కనీస బలాన్ని చూసుకొని ఉష్ణోగ్రతను నిర్ణయించాలి. స్ట్రెయిటనింగ్‌ను వీలైనంతవరకు దీనికి ముందే ముగించండి.

ఒత్తిడి నిజంగా పోయిందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ట్యూబ్ వ్యాసానికి రెండు మూడు రెట్లు పొడవున్న ముక్క కోసి, వ్యాసం కొలిచి, ఒక పక్కన నిలువుగా సన్నని రంపంతో చీల్చండి. ముక్క విచ్చుకుంటే బయటి చర్మంలో లాగుడు ఒత్తిడి ఉందని అర్థం. లెక్క ఇలా వేయాలి: చీల్చకముందు సగటు వ్యాసంతో 1ని భాగించి, అందులో నుంచి చీల్చిన తరువాతి సగటు వ్యాసంతో 1ని భాగించిన విలువను తీసివేసి, గోడ మందంతో హెచ్చించి, ఉక్కుకు 2,25,000 మెగాపాస్కల్స్‌తో హెచ్చించాలి. 2.5 మి.మీ. గోడ ఉన్న ట్యూబ్ సగటు వ్యాసం 37.5 నుంచి 38.0 మి.మీ.కు విచ్చుకుంటే దాదాపు 197 మెగాపాస్కల్స్ వస్తుంది. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది, కానీ మెత్తని ఉక్కు లొంగే బలంతో పోలిస్తే ఇది చాలా పెద్ద సంఖ్య. స్ట్రెస్ రిలీవింగ్‌కు ముందు ఒకటి, తరువాత ఒకటి చీల్చి రెండు విలువలనూ పక్కపక్కన రాసిపెట్టుకుంటే, ఫర్నేస్ పని చేసిందో లేదో మీకు ఎవరూ చెప్పనవసరం ఉండదు.

గట్టిపరచవలసిన ట్యూబ్‌లు

4130 వంటి ట్యూబ్‌లను 845 నుంచి 870 డిగ్రీలకు వేడి చేసి నూనెలో ముంచుతారు. పలుచని గోడకు నీళ్లు వాడవద్దు. మార్టెన్‌సైట్ అయ్యేటప్పుడు ఉక్కు వ్యాకోచిస్తుంది, ఒక పక్క ముందూ మరొక పక్క తరువాతా వ్యాకోచించడమే క్వెంచింగ్ (ఇలా ముంచి వేగంగా చల్లార్చడం) పగులుకు మూలం. నూనెను 50 నుంచి 80 డిగ్రీల మధ్య ఉంచి, ట్యూబ్‌ను నిలువుగా దించితే లోపలి రంధ్రంలోనూ నూనె సమంగా పైకి లేస్తుంది. అడ్డంగా పడేస్తే లోపల గాలి బుడగ నిలిచి, ఆ చోట చల్లార్పు వెనకబడుతుంది. నూనెలో నీరు చేరకుండా చూడటం పగులు కోసమే కాదు, మంట కోసం కూడా. అంచుల్లోని పదునైన మూలలను, రంధ్రాల చుట్టూ ఉన్న బర్‌ను (కోసినప్పుడు మిగిలిన ముళ్లను) ముందే తీసివేయండి.

ముంచిన ట్యూబ్ చేతికి వెచ్చగా తగిలేంతకు దిగగానే టెంపరింగ్‌కు (పెళుసుదనం తగ్గేలా మళ్లీ కొంత వేడి చేయడానికి) పోవాలి, తెల్లవారే దాకా ఆగకూడదు. సాయంత్రం క్వెంచ్ చేసి ఉదయం టెంపర్ చేసే అలవాటు ఉన్న చోటికి మీ సరుకు పంపకండి. గట్టిపరచిన ట్యూబ్‌కు తరువాత జింక్ ప్లేటింగ్ చేయిస్తే, ఆ వెంటనే 190 నుంచి 220 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు బేకింగ్ చేయించి హైడ్రోజన్‌ను వెళ్లగొట్టాలి.

స్టెయిన్‌లెస్‌కు ఇది వర్తించదు

304 రకం ట్యూబ్‌ను పొరపాటున కూడా మామూలు ఉక్కుతోపాటు 680 డిగ్రీల లోడ్‌లో కలపకండి. 425 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే రేణువుల అంచుల్లో క్రోమియం కార్బైడ్ చేరి, ఆ అంచులు యాసిడ్‌కు తట్టుకోలేక పిక్లింగ్‌లోనే విడిపోతాయి. దీన్ని 1040 డిగ్రీలకు పైన వేడి చేసి, నీటితోనో వేగమైన వాయువుతోనో ఆ ప్రమాదకరమైన మధ్య భాగాన్ని త్వరగా దాటించాలి. లాగిన 304 ట్యూబ్‌కు అయస్కాంతం అంటుకోవడం మొదలైతే కొంత ఆస్టెనైట్ మార్టెన్‌సైట్‌గా మారిందని గుర్తు, అది ఆలస్యంగా చీలే స్వభావం కలది. సరైన ఎనీలింగ్ అయ్యాక అయస్కాంతం దాదాపు అంటదు. జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకున్న సూపర్‌వైజర్‌కు చాలా విషయాలు ల్యాబ్ కంటె ముందే తెలుస్తాయి.

తనిఖీ, జాబ్ వర్క్ చలాన్

పలుచని ట్యూబ్ మీద నేరుగా రాక్‌వెల్ బి కాఠిన్య పరీక్ష చేస్తే గోడ లోపలికి వంగి కాఠిన్యం తక్కువగా కనిపిస్తుంది. ట్యూబ్ లోపల సరిగ్గా పట్టే మాండ్రెల్ దూర్చి చూడండి, లేదా కోసిన అడ్డుముఖం మీద విక్కర్స్ కాఠిన్య పరీక్ష చేయమనండి. కాఠిన్యం ఒక్కటే చాలదు. ప్రతి లోడ్‌లో కట్ట బయటి ట్యూబ్ ఒకటి, నడిమధ్య ట్యూబ్ ఒకటి తీసి ఫ్లాటెనింగ్ (నొక్కి చదును చేసే), డ్రిఫ్ట్ ఎక్స్‌పాండింగ్ (కొసలో శంకువు దూర్చి వెడల్పు చేసే) పరీక్షలు చేయించండి. వీటి పద్ధతులు ఐఎస్‌ఓ 8492, 8493లలో ఉన్నాయి. ఈఆర్‌డబ్ల్యూ ముక్కను నొక్కేటప్పుడు వెల్డ్ గీతను బలం పడే దిశకు 90 డిగ్రీల కోణంలో, అంటే పక్కకు ఉండేలా పెట్టాలి, ఎందుకంటే బయటి చర్మం అత్యధికంగా సాగేది అక్కడే. గీతను ప్రెస్ పలకకు ఆనించి పాస్ చేయించిన రిపోర్టుకు విలువ లేదు.

జాబ్ వర్క్ చలాన్‌లో "ఎనీల్ చేయాలి" అని మాత్రమే రాస్తే, ఆ రోజు ఫర్నేస్‌లో ఇంకెవరి సరుకు ఉందో దాని ఉష్ణోగ్రతే మీ ట్యూబ్‌కూ పడుతుంది. ఉక్కు గ్రేడ్, హీట్ నంబర్ (మిల్లులో ఉక్కు కరిగించిన విడత సంఖ్య), సైజు, చివరి ఎనీలింగ్ నుంచి జరిగిన మొత్తం తగ్గుదల, కావలసిన ఉష్ణోగ్రత ఎంత తేడాతో, కట్ట మధ్య వేడి అందిన తరువాత ఎన్ని నిమిషాలు, ఏ వాయువు, ఎంత ఉష్ణోగ్రత దగ్గర బయటికి తీయాలి, చివరికి ఎంత కాఠిన్యం రావాలి అన్నవన్నీ అందులో ఉండాలి. సరుకుతోపాటు ఫర్నేస్ చార్ట్ కాపీ తిరిగి వస్తేనే బిల్లు పాస్ చేస్తామన్న షరతు కూడా అక్కడే రాయండి. లోపలికి రాగానే చార్ట్‌లోని లోడ్ నంబరును ట్యూబ్‌ల మీది పెయింట్ గుర్తుతో సరిచూసి, పరీక్షకు తీసిన రింగులను ఆ లాట్ చివరి పాస్ పూర్తయ్యేదాకా పారవేయకుండా హీట్ నంబరు కట్టి ఉంచండి.